శాశ్వత గౌరవాధ్యక్షుడి సలహాలు

ఊళ్లో న్యాయం కోసం, శాంతి కోసం ఒక సంఘం పెడుతున్నాం, నాలుగు మాటలు చెప్పండి అంటూ కుర్రాళ్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. సరైన గుమ్మమే తొక్కారు. మా మండలంలో నాకున్నన్ని శాశ్వత గౌరవాధ్యక్ష పదవులు మరొకరికి లేవు. ఆ సంఘాల్లో ఇప్పుడు నడుస్తున్నవి ఎన్ని అని మొన్నొక పిల్ల అడిగింది. ఈ కాలం పిల్లలకు పెద్దవాళ్లను ఏం అడగాలో, ఏం అడగకూడదో తెలియడం లేదు. లెటర్‌హెడ్లు మాత్రం అన్నిటివీ నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఇంత అనుభవం నాతోనే పోకూడదని ఈ సలహాలు రాస్తున్నాను.

పేరుతో మొదలుపెట్టండి

చాలామంది సమస్యతో మొదలుపెట్టి చెడిపోతారు. దళిత కాలనీ వాళ్ల శ్మశానానికి దారి లేదు. వానాకాలం శవాన్ని మోకాలి లోతు బురదలో మోయాలి. నాట్లు పడ్డాయంటే గట్టు మీద కాలు పెట్టనివ్వనంటాడు ఆసామి. ఇంత చిన్న ముక్క పట్టుకుని ఓ పదిమంది వేపచెట్టు కింద కూర్చుంటారు. పేరుండదు, బోర్డుండదు. దారి వచ్చేదాకా వదలరు. వచ్చాక ఇళ్లకు పోయి పడుకుంటారా అంటే అదీ లేదు, వీధి దీపాల గురించి ఎత్తుకుంటారు, ఆ తర్వాత రేషను తూకం గురించి. ఇలాంటివాళ్లకు రాష్ట్ర స్థాయి ఎప్పటికొస్తుంది?

మీరు పేరు దగ్గర మొదలుపెట్టండి. అందులో ‘అఖిల భారత’ ఉండాలి, ‘విశ్వ’ ఉండాలి, చివర ‘పరిరక్షణ’ ఉండాలి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఎవరో ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి, ఈలోగా సోమలింగం పేరు మీద రబ్బరు స్టాంపు చేయించండి. సొసైటీల రిజిస్ట్రేషన్‌కు 2001 నాటి చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. ఏడుగురి కోసం ఊరంతా తిరగాలా? మీరు, మీ ఆవిడ, బావమరిది, తోడల్లుడు, వాళ్ల ఆడవాళ్లు, పైన మీ దగ్గర పనిచేసే కుర్రాడు. ఇంట్లోనే కోరం. మిగతా ఊరు కార్యక్రమాలకు కావాలి గానీ సంఘానికి దేనికి?

పదవులు ధారాళంగా ఇవ్వండి. కాలనీ నుంచి ఒకరిని తప్పకుండా తీసుకోండి, ‘సభ్యుడు’ అని రాయండి. ఫ్లెక్సీలో ఆఖరి వరుసలో అతని ఫొటో వేయిస్తే సామాజిక న్యాయం అక్కడికక్కడే జరిగిపోతుంది. ఫొటోల సైజు దగ్గర మాత్రం జాగ్రత్త. మా సంఘాల్లో సిద్ధాంతాల మీద ఏనాడూ గొడవ రాలేదు. వచ్చినవన్నీ సైజుల మీదే.

ఆడవాళ్లకు చదువు చెప్పకండి

ఈ సంగతి దూబగుంట అనే ఊరిని చూసి నేర్చుకోవాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత పేరుతో ఊరూరా రాత్రి బడులు పెట్టారు. పెట్టినవాళ్లు అ, ఆ నేర్పి ఊరుకోక, వాచకంలో ఊరి బతుకుల గురించి పాఠాలు వేశారు. సారా తాగే మొగుడు, ఖాళీ అయిన గిన్నె, తన్నులు, అప్పు, అన్నీ అందులో ఉన్నాయి. కూలిపని చేసుకొచ్చి లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్లు అక్షరాలు కూడబలుక్కుని చదివి, ఇది మన కథే కదా అన్నారు. చదువు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున సారా దుకాణం ముందుకు వెళ్లి నిలబడ్డారు.

అక్కడ వాళ్లు చేసిన తప్పులు లెక్కపెట్టండి. రిజిస్ట్రేషన్ లేదు. ముఖ్య అతిథి లేడు. కలెక్టరుకు వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగి రాకుండా, సారా ప్యాకెట్లు ఊళ్లోకి రాకుండా తామే అడ్డం పడ్డారు. దూబగుంట రోశమ్మ అనే ఆమె పేరు తర్వాత రాష్ట్రమంతా తెలిసింది గానీ, ఆమెకు ముందూ వెనకా నిలబడ్డవాళ్లు మన లెక్కలో ఏ హోదా లేనివాళ్లు. ఆ ఊరి సంగతిని ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని మళ్లీ పాఠంగా వేసేసరికి పక్క ఊళ్లవాళ్లు చదివి మనమేం తక్కువ అనుకున్నారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. ఒక ఊరి వాళ్లు ఇంకో ఊరి వాళ్ల దగ్గర అనుమతి తీసుకున్నారా? జిల్లా కమిటీ వేశారా? శాఖకు చందా ఎంత అని తేల్చారా? ఏమీ లేదు. ఇంత అస్తవ్యస్తంగా నడిపి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం తెప్పించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు కూడా. ఎత్తేసినప్పుడు నాలాంటివాళ్లం ‘మేం ముందే చెప్పాం’ అన్నాం. ముందు ఏం చెప్పామో ఎవరికీ గుర్తు లేదు కాబట్టి ఆ మాట బాగా చెల్లింది.

ఆ ఆడవాళ్లు సారా డబ్బుల్లో మిగిలిన రోజుకో రూపాయి దాచుకోవడం కూడా మొదలుపెట్టారు. దానికి పొదుపులక్ష్మి అని పేరొచ్చింది. పోరాటం అయ్యాక జనానికి కలిసి కూర్చోవడానికి ఏదో ఒక సాకు మిగిలితే ఇదే ఇబ్బంది. మీ సంఘంలో అలా జరగనివ్వకండి. ధర్నా అయిన సాయంత్రమే అందర్నీ ఇళ్లకు పంపించేసి, మళ్లీ ధర్నా అవసరమైనప్పుడే పిలవండి.

మైకు మాట కూడా ఇక్కడే చెప్పాలి. జహీరాబాద్ వైపు దళిత మహిళల సంఘాలు 2008లో మాచనూరులో ఏకంగా సొంత రేడియో పెట్టుకున్నాయి. విత్తనాల గురించి, పంటల గురించి, తమ యాసలో తామే మాట్లాడుకుంటారు. మైకు చేతికిస్తే ఎక్కడిదాకా పోతుందో చూడండి. మా సభల్లో ఆడవాళ్లకు ప్రార్థనా గీతం, జ్యోతి ప్రజ్వలన కేటాయించాం. రెంటికీ మైకు అవసరం పెద్దగా ఉండదు.

ఎక్కడ, ఎన్నింటికి

సమావేశం సాయంత్రం ఐదింటికి పెట్టండి. కూలికి పోయిన ఆడవాళ్లు ఆరింటికి ఇంటికొస్తారు, పొయ్యి వెలిగించి పిల్లలకు పెట్టేసరికి ఎనిమిది. ఎనిమిదిన్నరకు పెడితే వాళ్లంతా వచ్చేస్తారు, పిల్లల్ని కూడా వెంటేసుకొస్తారు. పిల్లలు ఏడుస్తారు, అధ్యక్షోపన్యాసం చెడుతుంది. ఐదింటికైతే వచ్చేది మనవాళ్లే.

చోటు గుడి పక్క సత్రమైతే మంచిది. కాలనీవాళ్లను ఎవరూ రావద్దనరు. వాళ్లే వచ్చి మెట్ల దగ్గర నిలబడతారు, ‘లోపలికి రండయ్యా’ అని రెండుసార్లు పిలవాలి, ‘పర్లేదు అయ్యా ఇక్కడే ఉంటాం’ అని వాళ్లనాలి. అంటరానితనం మన ఊళ్లో ఎక్కడుందండీ అని తర్వాత ప్రసంగంలో నిశ్చింతగా అడగొచ్చు. కొందరు బుద్ధిలేనివాళ్లు సమావేశాన్ని ఒక వారం కాలనీలో, ఒక వారం ఊళ్లో పెడతారు. కాలనీలో పెట్టిన వారం ఊరి పెద్దలకు పనిబడి రారు. ఎవరు రాలేదో అందరికీ తెలిసిపోతుంది. టీ ఎవరింట్లో కాచారు, ఎవరు తాగారు, ఎవరు ‘ఇప్పుడే తాగొచ్చాను’ అన్నారు, ఇవన్నీ బయటపడతాయి. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి ఏళ్ల తరబడి ఎవరికీ కనబడకుండా నడిచిన ఊళ్లో ఒక్క కాలనీ టీ ఎంత గొడవ తెస్తుందో ఆలోచించండి. సత్రమే మేలు.

శాంతి అంటే

న్యాయం సంగతి ఎలా ఉన్నా, శాంతి విషయంలో నన్ను మించినవాడు లేడు. వినాయక నిమజ్జనానికి ముందు స్టేషన్లో శాంతి కమిటీ వేస్తారు చూడండి, అందులో నేను పాతికేళ్లుగా సభ్యుణ్ని. ఊరేగింపు మసీదు ముందునుంచి ఎన్నింటికి పోవాలి, డప్పులు ఎక్కడ ఆపాలి అని సీఐ గారు చదువుతారు, మేము తలలూపుతాం, బిస్కెట్లు వస్తాయి. రాళ్లు విసిరే కుర్రాళ్లను ఏనాడూ ఆ గదిలోకి పిలవలేదు. వాళ్లుంటే బిస్కెట్లు చాలవు.

ఊరి తగాదాలకు నా పద్ధతి ఒక్కటే. కాలనీ కుర్రాడు పెళ్లి ఊరేగింపు పెద్ద వీధిలోంచి తీసుకుపోయాడని కొట్టారనుకోండి. ఇద్దర్నీ కూర్చోబెట్టాలి. కొట్టినవాడు కొట్టడం తప్పు, ఆ వీధిలోంచి పోవడం వీడిదీ తప్పు, చెరిసగం. పెద్దమనుషులు కాగితం రాయిస్తారు. అట్రాసిటీ కేసు పెట్టారంటే వెంటనే ‘ఊరి పరువు’ అనే మాట తీయండి. ఆ కేసులో కోర్టు బయట రాజీకి చట్టంలో చోటు లేదని ఎవరైనా లాయరు చెబితే, అతను ఏ ఊరివాడో కనుక్కోండి.

వినకపోతే ఏమవుతుందో కారంచేడు అనే ఊరు చెబుతుంది. 1985 జులై 17న అక్కడ మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. ఊరికి తిరిగి రండి, సర్దుకుపోదాం అన్నప్పుడు వెళ్లి ఉంటే ఆ ఏటికే అంతా సద్దుమణిగేది. వెళ్లలేదు. ఆ శిబిరం చుట్టూ రాష్ట్రమంతటి నుంచీ జనం చేరారు, కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు నిలబడ్డారు, దళిత మహాసభ పుట్టింది. సర్దుకుపోనివాళ్ల వల్ల ఎన్ని కొత్త మాటలు పుట్టుకొచ్చాయో చెప్పలేను.

చుండూరు దళితులు ఇంకా ముదిరారు. 1991 ఆగస్టు 6న తమవాళ్లను ఎనిమిది మందిని చంపితే, చనిపోయినవాళ్లను ఊరి నడిబొడ్డునే పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. కోర్టు మా ఊరికే రావాలని పట్టుబట్టి, ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఇది విన్నవాళ్లు నాతో, చూశారా, అంత కష్టపడి ఏం సాధించారు అంటారు. నేనూ అదే అంటాను. ఆ పదహారేళ్లూ సాక్షుల్ని ఎవరు నిలబెట్టారు, వాయిదా రోజున కూలి పోయిన ఇంటికి ఆ పూట బియ్యం ఎవరిచ్చారు, బెదిరింపు వచ్చిన రాత్రి ఎవరు తోడు పడుకున్నారు, ఇలాంటివి మా సావనీరులో వేయడానికి పనికొచ్చే విషయాలు కావు. వాటికి ఫొటోలుండవు.

ఇక రెండు పక్షాల మధ్య నిలబడే పనికి అసలే పోకండి. రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ 1997లో పౌర స్పందన వేదిక అని కొందరు పెద్దలతో కలిసి మొదలుపెట్టారు. ప్రభుత్వానికీ ఉత్తరాలు, నక్సలైట్లకూ ఉత్తరాలు. ఎన్‌కౌంటరు పేరుతో చంపడం తప్పన్నారు. ఇన్‌ఫార్మరు పేరుతో చంపడమూ తప్పన్నారు. ఒక వైపు తిడితే రెండో వైపన్నా చప్పట్లు కొట్టాలి కదా, వీళ్లకు అదీ దక్కలేదు. ఏడేళ్లు అలా రెండు వైపులా చెవినిల్లు కట్టుకుని చెప్పగా 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి. నెలలు తిరక్కుండానే చెడిపోయాయి. అంత శ్రమకు 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే శంకరన్ గారు అదీ వద్దన్నారు. నాకు అర్థం కాని మనుషుల్లో ఈయన మొదటివాడు. మా సంఘంలో ఉండి ఉంటే ముందు ఒప్పుకునేవాళ్లం, తర్వాత సన్మానసభ కమిటీ వేసేవాళ్లం.

కాగితాలు, లెక్కలు

మినిట్స్ పుస్తకం కొనండి, కానీ రాయకండి. రాస్తే వచ్చేనెల ఎవడో లేచి, పోయిన నెల ఫలానా పని మీరు చేస్తానన్నారు అని పేజీ తీసి చూపిస్తాడు.

చందాల లెక్క కోశాధికారి బుర్రలో ఉండాలి. కోశాధికారి మీ బావమరిది అయితే ఆ బుర్రకు తాళం కూడా అక్కర్లేదు. మైకుసెట్టుకు ఇంత, షామియానాకు ఇంత, టిఫిన్లకు ఇంత అని రాసి రచ్చబండ దగ్గర అంటించే సంఘాలున్నాయని విన్నాను. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది, ఆ వెంటే మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ అని ఒక తంటా తెచ్చారు. కూలీల పిల్లలే మస్టర్లు, అంటే హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్వు ఇన్ని రోజులు పని చేశావా, ఈ వేలిముద్ర నీదేనా అని అడిగి, ఆ పైన మండలంలో అందరి ముందూ మైకులో చదవడం. సర్కారు లెక్కలు అలా చదివించి మరిగిన జనం ఏదో ఒక రోజు మన సంఘం లెక్కలూ చదవమంటారు. అందుకే చెబుతున్నాను, ఆ వైపు వెళ్లకండి.

సమాచార హక్కు గురించి అయితే సభ్యుల ముందు ఎత్తనే ఎత్తకండి. గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదని, మండలంలో 5 రూపాయలని, ఆ పైన 10 రూపాయలని, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని తెలిస్తే ఇక ప్రెస్‌మీట్లకు ఎవరొస్తారు? ప్రెస్‌మీట్‌లో ‘సమగ్ర విచారణ జరిపించాలి’ అంటే చాలు. ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్లు అని చెప్పాలంటే పొలం దాకా నడవాలి, పొలం కొలతల పుస్తకం (ఎఫ్ఎంబీ) నకలు తేవాలి, మధ్యాహ్నం ఎండలో గొలుసు పట్టుకోవాలి.

నడిచేవాళ్లతో ఉన్న చిక్కు ఎలాంటిదో సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే సంఘం చేసింది చూస్తే తెలుస్తుంది. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. మా దగ్గర అలాంటి పాయిఖానాలే లేవని రాష్ట్రాలు సుప్రీంకోర్టుకు చెబుతూ వచ్చాయి. అంత పెద్ద ప్రభుత్వాలు లేదంటే లేదనుకోవాలి కదా. కోలారు గనుల దగ్గర ఈ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన తోటివాళ్లు వీధి వీధీ తిరిగి ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎవరెవరు ఎత్తుతున్నారో ఫొటోలతో సహా రాసి పట్టుకెళ్లి కోర్టులో పెట్టారు. కేసు 2003లో వేస్తే తీర్పు 2014 మార్చి 27న వచ్చింది. 1993 తర్వాత మురుగుకాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇవ్వాలన్నారు. ఇంతా చేసి ఆ పని అడుగడుగునా పేర్లూ అంకెలూ రాసుకోవడమే. ఇందులో ఉపన్యాసానికి సందెక్కడ? ఒక్క పద్యం పాడే చోటయినా లేదు.

దీక్షలు

నిరాహార దీక్ష చేయాల్సివస్తే ఆమరణ దీక్షే చేయండి. పదింటికి మొదలుపెట్టి, విలేకరులు రాగానే గొంతు కాస్త తగ్గించి, నాలుగింటికి ఎమ్మార్వో హామీ మీద నిమ్మరసం తాగేయవచ్చు. రిలే దీక్ష జోలికి పోకండి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేలలో థర్మల్ కేంద్రం వద్దని అదే చేశారు. రోజుకు కొందరు చొప్పున, నాట్లున్నవాళ్లు నాట్లకు, వేటకు పోయేవాళ్లు వేటకు పోతూ, మిగిలినవాళ్లు శిబిరంలో కూర్చుంటూ. 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అయినా శిబిరం ఎత్తలేదు, ఏళ్ల తరబడి కూర్చున్నారు. పనికిరాని బంజరు అని కాగితాల్లో రాసిన ఆ నేలలో ఏ పంట పండుతుందో, ఏ చేప దొరుకుతుందో, ఎన్ని ఊళ్లకు తడి అక్కడినుంచి వస్తుందో చెప్పడానికి చదువుకున్నవాళ్లను, చేపలు పట్టేవాళ్లను ఒక్కచోట కూర్చోబెట్టారు. ముందుండి నడిపిన పెద్దమనిషి ఆ ఊళ్లోనే రోగుల్ని చూసుకునే డాక్టరు. థర్మల్ కేంద్రం రాలేదు. కరెంటు పోయిందని నేను వ్యాసం రాశాను, ఎవరూ వేసుకోలేదు.

వాట్సాప్ గ్రూపు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. మీకే బాగా తెలుసు. పొద్దున్నే పువ్వు, పండుగకు దేవుడు, ఏదైనా గొడవ జరిగితే ‘తీవ్రంగా ఖండిస్తున్నాం’. ఎవరైనా ‘రేపు ఆసుపత్రికి తోడు ఎవరొస్తారు’ అని పెడితే దాని కింద వెంటనే ఇంకో పువ్వు పెట్టండి, పైకి పోతుంది.

రెండో వరుసను తయారుచేయమని కొందరు సలహా ఇస్తారు. మీరు ఊళ్లో లేనప్పుడు సమావేశం జరిగితే దాన్ని మొదటి ప్రమాద సూచికగా తీసుకోవాలి. మీరు లేనప్పుడు బాగా జరిగిందంటే రెండోది. అప్పుడు ఆలస్యం చేయకుండా చీలిక తీసుకురండి. అసలు సంఘం మాదే అని ఇద్దరూ చెప్పుకోవచ్చు, స్టాంపు ఎవరి దగ్గరుందన్నదే తేలాలి. చీలిన రెండో సంఘం కూడా నన్నే గౌరవాధ్యక్షుడిగా ఉండమంటుంది, ఉంటాను. మాట కాదనడం నా స్వభావంలో లేదు.

ప్రారంభోత్సవానికి నన్ను పిలిచేవాళ్లకు రెండు మాటలు. ఆదివారాలు ఖాళీ ఉండదు, వారం ముందు ఫోన్ చేయండి. శాలువా విషయంలో పట్టింపేమీ లేదు గానీ, క్రితంసారి కప్పింది మరీ పలచన. నన్ను ఆఖర్న మాట్లాడించండి, నాకు ముందు మాట్లాడేవాళ్లకు ఐదేసి నిమిషాలని చీటీ పంపండి. ప్రశ్నలకు సమయం పెట్టవద్దు. నా ప్రసంగం అవగానే ఎవరైనా ఏదో అడుగుదామని లేచి నిలబడితే, మీరు వెంటనే జనగణమన అందుకోండి.